ఇంజన్ గదిలో వేడి కవచాలు: ఏది ఎక్కడ పనికొస్తుంది, ఏది డబ్బు దండగ

హీట్ షీల్డ్ అనే ఒక్క పేరు పెట్టి అంగట్లో రెండు వేరు వేరు పనులకు సామాను అమ్ముతున్నారు. ఒకటి, ఎగ్జాస్ట్ పైపుల నుంచి ప్రతి ఫ్లయిట్‌లోనూ వచ్చే వేడిని ఆపేది. రెండోది, ఎప్పుడో ఒకనాడు ఇంజన్ వైపు నిజంగా మంట లేస్తే పైలట్ కిందికి దిగేదాకా ఆ మంటను అవతలే నిలబెట్టేది. మొదటి పనికి భేషుగ్గా ఉన్న సరుకే రెండో పనిలో ప్రాణం మీదికి తెస్తుంది. విడిభాగాలు కొని సొంతంగా కిట్ విమానాలు కట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ రెంటినీ కలిపేసుకుని ఒకే రోల్ కొని అన్నిచోట్లా అంటించేయడం వల్లే. వేడి వేరు, మంట వేరు. ఈ సమీక్షలో ప్రతి సరుకునూ ఈ రెండు ప్రశ్నలతోనే తూచాం.

ముఖ్యంగా చూసింది లైకోమింగ్ ఇంజన్లు పెట్టే వాన్స్ ఆర్‌వి-7, ఆర్‌వి-10 తరహా అల్యూమినియం విమానాల కోసం. రోటాక్స్ 912 పెట్టుకునే జెనిత్ సిహెచ్ 750 వాళ్లకూ, బర్ట్ రుటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ లాంటి కాంపోజిట్ (గాజు పోగులూ ఎపాక్సీతో చేసిన) విమానాల వాళ్లకూ లెక్క మారే చోట విడిగా చెప్పాం.

ముందు వేడి సంగతి

ఎగ్జాస్ట్ వాయువు 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. పైపు పైభాగం అంతకన్నా కొంత తక్కువే అయినా, సిలిండర్ దగ్గరి మొదటి జానెడు చీకట్లో ముదురు ఎరుపుగా కనబడుతుంది. 700 డిగ్రీల దగ్గర ఉన్న నల్లటి ఉపరితలం చదరపు మీటరుకి సుమారు 50 కిలోవాట్ల వేడిని రేడియేషన్‌గా చిమ్ముతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం రామగుండంలో నెత్తిన కాసే ఎండ చదరపు మీటరుకి ఒక కిలోవాటు. అదే పైపు ఉష్ణోగ్రత 400కి దిగితే ఆ 50 కాస్తా 12 లోపుకి పడిపోతుంది. రేడియేషన్ ఉష్ణోగ్రతకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టే ఇంత తేడా. అంటే షీల్డ్ అవసరమయ్యేది పైపు పొడవునా కాదు, ఎక్కువ వేడిగా ఉండి దేనికో దగ్గరగా వచ్చే రెండు మూడు చోట్లే. ఫ్యూయల్ పంపు, గ్యాస్కొలేటర్ (ఇంధనంలో నీళ్లూ మురికీ పట్టే గిన్నె), కింది కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే మూత), ఇంజన్ మౌంట్ రబ్బర్లు, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) కింది అంచు: సాధారణంగా జాబితా ఇంతే.

ఆ చోట్లు ఏవో ఊహించి కొనకండి. ఒకసారి రంగు మారితే మళ్లీ వెనక్కి రాని ఉష్ణోగ్రత స్టిక్కర్లు దొరుకుతాయి. పంపు మీద, గ్యాస్కొలేటర్ మీద, కౌలింగ్ లోపల, ఫైర్‌వాల్ మీద తలా ఒకటి అంటించి ఒక గంట ఎగిరి, దిగాక అరగంట ఆగి చూడండి. ఆ అరగంట ఎందుకంటే, చాలా భాగాలకి అత్యధిక వేడి గాల్లో ఉండగా రాదు. ఇంజన్ ఆపాక గాలి ప్రవాహం ఆగిపోయి, సిలిండర్ల వేడి అంతా మెల్లగా పైకి లేచి కౌలింగ్‌లో నిలిచిపోయినప్పుడు వస్తుంది. డాలస్ చుట్టుపక్కల హ్యాంగర్లున్న మన తెలుగువాళ్లకి ఆగస్టులో వేడి ఇంజన్ తిరిగి స్టార్ట్ కాకపోవడం కొత్త కాదు. అందులో సగం ఈ నిలవ వేడి పుణ్యమే. దీనికి ఏ షీల్డూ మందు కాదు. ఆపగానే కౌలింగ్ మీద ఆయిల్ చూసే చిన్న తలుపు తెరిచి పెట్టడం ఖర్చులేని వైద్యం.

జిగురు వెనకున్న ఫాయిల్ మ్యాట్లు

థర్మో-టెక్, డీఈఐ కంపెనీల సరుకు. ఇవి రేసు కార్ల కోసం పుట్టినవి. గాజు వస్త్రం మీద అల్యూమినియం రేకు, వెనక జిగురు. థర్మో-టెక్ మ్యాట్ 2000 డిగ్రీల ఫారన్‌హీట్ రేడియంట్ వేడికి తట్టుకుంటుందని రాసి ఉంటుంది. ఆ మాటలో బరువంతా ‘రేడియంట్’ అన్న ఒక్క మాట మీదే ఉంది. దూరాన ఉన్న వేడి వస్తువు నుంచి వచ్చే కిరణాలను రేకు తిప్పికొట్టగలదని దాని అర్థం. మ్యాట్‌నే ఆ వేడికి తాకిస్తే తట్టుకుంటుందని కాదు. తాకితే ముందు పోయేది జిగురు. కొనేటప్పుడు తాకే వేడికి పరిమితి ఎంతో విడిగా వెతకండి. అది రాయని సరుకు జోలికి పోకండి.

కింది కౌలింగ్ లోపలికి మాత్రం ఇవి నిజంగా మంచివి. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 70-90 డిగ్రీల సెల్సియస్‌కే మెత్తబడటం మొదలుపెడతాయి, కాబట్టి ఫైబర్‌గ్లాసు కౌలింగ్‌కి పైపు అంగుళం లోపు దూరంలో ఉంటే అక్కడ మ్యాట్ తప్పనిసరి అనుకోండి. లేకపోతే మొదట పెయింటు పసుపెక్కుతుంది, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆపైన అక్కడ నొక్కితే లొత్తగా తగులుతుంది. ఆ దశకొచ్చాక మ్యాట్ వేసి లాభం లేదు, ఆ ముక్క కోసి కొత్త పొరలు వేయాల్సిందే.

అంటించే పద్ధతిలోనే దీని ఆయుష్షంతా ఉంది. కౌలింగ్ లోపలి వైపు సూది రంధ్రాలతో నిండి ఉంటుంది. ముందు పల్చగా ఎపాక్సీ పూసి, రబ్బరు గరిటెతో లాగేసి, గట్టిపడ్డాక 180 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, అప్పుడు అంటించాలి. ఎపాక్సీ పూత వేయకపోతే ఇంజన్ ఆయిల్ ఆ రంధ్రాల్లోంచి కౌలింగ్‌లోకి ఇంకి, జిగురుని వెనకనుంచి తినేస్తుంది. చలి హ్యాంగర్‌లో అంటించొద్దు. 20 డిగ్రీలు దాటి ఉండాలి. గట్టి రోలర్‌తో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ రావాలి. రెండు ముక్కలు కలిసే చోట గాలి వచ్చే వైపు ముక్క పైన ఉండాలి. చుట్టూ అంచుల్ని అల్యూమినియం ఫాయిల్ టేపుతో మూయాలి, కోసిన అంచున గాజు పోగులు ఒక్కటీ బయటికి కనబడకూడదు.

దీంతో వచ్చే ప్రమాదం ఒకటే, కానీ చిన్నది కాదు. కౌలింగ్ గాలి బయటికి పోయే దారి దగ్గర అంచు ఊడి వేలాడితే, ఆ దారి ఇరుకై ఇంజన్ మొత్తం వేడెక్కుతుంది. సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రతలు కారణం లేకుండా పెరిగాయంటే బ్యాఫిల్స్ (సిలిండర్ల మీదికి గాలిని మళ్లించే రేకులు) విప్పేముందు ఇది చూడండి. అలాగే మెరిసే అల్యూమినియం తన మీద పడ్డ వేడిలో ఐదు శాతం దాకానే పీల్చుకుంటుంది. దానిమీద ఆయిల్ మసి పేరుకుంటే ఆ లెక్క తారుమారవుతుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ గుడ్డతో తుడవడం అందం కోసం కాదు.

డీఈఐ వాళ్ల బంగారు రంగు రిఫ్లెక్ట్-ఎ-గోల్డ్ ఇదే జాతిలో ఖరీదైనది. 850 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా అంటారు. పల్చగా ఉంటుంది, వంపుల మీద బాగా కూర్చుంటుంది. గాలి డబ్బా మీదో, ప్లాస్టిక్ భాగం మీదో చిన్న ముక్కగా వేసుకోవచ్చు. కౌలింగ్ మొత్తానికి వేయడం మాత్రం దర్జా తప్ప మరేం కాదు, మామూలు మ్యాట్ కన్నా అక్కడ అదనంగా చేసేదేమీ లేదు.

పైపుకి బిగించే స్టెయిన్‌లెస్ రేకు

మా దృష్టిలో పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. పైపుకీ రక్షించాల్సిన భాగానికీ మధ్య వంపు తిప్పిన స్టెయిన్‌లెస్ రేకు, దాన్ని పైపుకి పట్టే రెండు హోస్ క్లాంపులు, అంతే. విమాన విడిభాగాల దుకాణాల్లో తయారుగా దొరుకుతుంది. అర మిల్లీమీటరు 304 రేకు ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

మూడు కొలతలు గుర్తుంటే చాలు. రేకుకీ పైపుకీ మధ్య 10-12 మిల్లీమీటర్ల సందు ఉండాలి. పైపుని తాకే రేకు షీల్డ్ కాదు, ఇంకో పైపు. చుట్టుకొలతలో సగం కన్నా తక్కువే కప్పాలి, మిగతా సగం వేడిని వదులుకోవాలి. రక్షించే భాగం నీడ కన్నా ప్రతి వైపూ రెండేసి సెంటీమీటర్లు పెద్దదిగా ఉండాలి. రేకుకి అవతలి వైపు గాలి పారుతుంటే ఇంకా మంచిది. సందులోంచి పోయే గాలి చేసే పని రేకు మందం చేయలేదు.

క్లాంపుల విషయంలో మోసపోవడం తేలిక. ‘స్టెయిన్‌లెస్’ అని రాసినా చాలా క్లాంపుల్లో పట్టీ మాత్రమే స్టెయిన్‌లెస్, స్క్రూ జింకు పూత వేసిన మామూలు ఉక్కు. కొట్లోనే చిన్న అయస్కాంతం ఆనించి చూడండి: పట్టీకి అంటుకోకుండా స్క్రూకి టక్కున అంటుకుంటే పక్కన పెట్టేయండి. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది. కరిగిన జింకు వేడి స్టెయిన్‌లెస్ గింజల సందుల్లోకి పాకి పైపునే పగలగొడుతుంది. ఇదే కారణంగా ఎగ్జాస్ట్ మీద గీతలు పెట్టడానికి పెన్సిల్ వాడొద్దని, జింకు పూత పనిముట్లతో దాన్ని ముట్టొద్దని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ మరమ్మతుల మార్గదర్శిలో ఉంది. పెన్సిల్ గీతలోని కార్బన్ వేడికి లోహంలోకి దిగి, సరిగ్గా ఆ గీత వెంబడే పగులు వస్తుంది. గుర్తులు పెట్టాలంటే ఫెల్ట్ పెన్ను వాడండి.

క్లాంపు బిగించే చోటు కూడా చూడాలి. స్లిప్ జాయింట్ మీదా, బాల్ జాయింట్ మీదా వద్దు. అవి కదలాలి, కదలనివ్వకపోతే పగులు ఇంకో చోట వస్తుంది. వెల్డింగ్ గీతకి రెండు సెంటీమీటర్ల దూరం ఉంచండి. వాడకం మొదలయ్యాక రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారేసరికి క్లాంపు వదులవుతుంది, మళ్లీ బిగించాలి. వదులైన క్లాంపు వణుకుతూ పైపుని అరగదీస్తుంది. ఏటా ఒకసారి విప్పి కింద మెరిసే గాడి పడిందేమో వేలుతో తడిమి చూడాలి. గోరుకి తట్టే గాడి ఉంటే పైపు వెల్డర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

రోటాక్స్ 912 వాళ్లకి ఇక్కడ ఒక తేడా. కార్బొరేటర్లు ఎగ్జాస్ట్‌కి పైన ఉంటాయి. వాటి కింద పెట్టే డ్రిప్ ట్రే పొంగిన పెట్రోలు పైపు మీద పడకుండా పట్టడమే కాదు, కార్బొరేటర్‌కి వేడి కవచం కూడా. ట్రే ఉన్నా దాని కారుడు గొట్టం కౌలింగ్ బయటికి తీయకపోతే ఆ పెట్రోలు తిరిగి లోపలే చేరుతుంది.

ఎగ్జాస్ట్ చుట్టూ చుట్టే టేపు

వద్దు. మోటార్‌సైకిళ్ల మీద బాగుంటుంది. విమానంలో పైపు వేడిని బయటికి పోనివ్వక లోహాన్నే మరింత కాల్చుతుంది, తేమ పట్టి ఉంచుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా పగుళ్లని కళ్లకి కనబడకుండా దాస్తుంది. ఎగ్జాస్ట్ పగిలితే వచ్చేది శబ్దం ఒక్కటే కాదు, క్యాబిన్ హీటర్ గుండా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది.

ఫైర్‌వాల్: అసలు పరీక్ష ఇక్కడ

కిట్ విమానాల్లాంటి ప్రయోగాత్మక విమానాలకి సర్టిఫికేషన్ నిబంధనలు వర్తించవు, కానీ కొలమానంగా అవే వాడుకోవాలి. అమెరికా విమాన నిబంధనల్లో (ఎఫ్ఏఆర్) పాత 23.1191 ఏ పరీక్షా అక్కర్లేకుండా ఒప్పుకునే లోహాల జాబితా ఇచ్చేది: స్టెయిన్‌లెస్ స్టీల్ 0.38 మిల్లీమీటర్లు, తుప్పు పట్టకుండా పూత వేసిన మామూలు ఉక్కు 0.46, మోనెల్ 0.46, టైటానియం 0.41. మిగతా ఏదైనా 2000 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 1093 సెల్సియస్ మంటకి 15 నిమిషాలు నిలబడి చూపించాలి. 2017లో ఆ భాగమంతా తిరగరాసినప్పుడు ఈ అంకెల పట్టిక పోయింది, దాని వెనకున్న లోహశాస్త్రం పోలేదు.

అల్యూమినియం 660 డిగ్రీలకి కరుగుతుంది. అందుకే స్టెయిన్‌లెస్ ఫైర్‌వాల్ వేసి, దానిలోంచి అల్యూమినియం హీటర్ డబ్బా, కేబుళ్లు గోడ దాటే చోట అల్యూమినియం కేబుల్ గుండ్లు, అల్యూమినియం పాప్ రివెట్లు పెట్టడం గోడ కట్టి తలుపు మర్చిపోయినట్టే. మొదటి నిమిషాల్లోనే ఆ భాగాలు కారిపోయి, అక్కడ మిగిలేది రంధ్రం. హీటర్ డబ్బా, కేబుల్ గుండ్లు, రివెట్లు, గొట్టాల అమరికలు, వీటన్నిటిలో స్టెయిన్‌లెస్ లేదా ఉక్కువి దొరుకుతాయి. కవచాల మీద డబ్బు పెట్టేముందు ఇవి మార్చండి. ప్లాస్టిక్ గ్రోమెట్లు, నైలాన్ పట్టీలు ఫైర్‌వాల్ మీద ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. రేకు మంటని ఆపుతుంది, వేడిని ఆపదు. ఇంజన్ వైపు మంట తగిలితే అర మిల్లీమీటరు లోపు రేకు వెనక వైపు కూడా ఎర్రబడటానికి ఎంతోసేపు పట్టదు. క్యాబిన్ వైపు చాలామంది చప్పుడు తగ్గడానికీ, కాళ్లకి వేడి తగలకుండానూ జిగురున్న ఫాయిల్ ఫోమ్ అంటిస్తారు. ఎర్రబడ్డ రేకు మీద ఆ జిగురు ముందు పొగలు కక్కుతుంది, తర్వాత ఫోమ్ మండుతుంది. మంట అవతలే ఉన్నా పైలట్‌కి ఊపిరాడదు.

అలాంటి ఫోమ్ మీద ‘ఎఫ్ఏఆర్ 25.853 పాస్’ అని గర్వంగా రాసి ఉంటుంది. ఆ పరీక్షలో నిలువుగా వేలాడదీసిన ముక్క కింద బన్సెన్ మంట 12 సెకన్లో 60 సెకన్లో పెడతారు, మంట కనీసం 1550 ఫారన్‌హీట్ ఉండాలి, తీసేశాక ఎంతసేపు మండిందో, ఎంత పొడవు కాలిందో కొలుస్తారు. సీటు గుడ్డకీ గోడ కార్పెట్‌కీ అది న్యాయమైన పరీక్ష. పదిహేను నిమిషాలు కాలే ఇనుప రేకుకి అంటుకుని ఉండే వస్తువుకి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. అబద్ధం రాయలేదు, కానీ కొనేవాడిని దారి తప్పించే రాత అది. ఫైర్‌వాల్ క్యాబిన్ వైపు ఏమీ అంటించకపోవడమే మా సలహా.

ఇన్సులేషన్ కావాలంటే ఇంజన్ వైపే వేయాలి, సిరామిక్ కాగితంతో. ఒకప్పటి యూనిఫ్రాక్స్, ఇప్పటి ఆల్కెజెన్ వాళ్ల ఫైబర్‌ఫ్రాక్స్ కాగితం ఎప్పటినుంచో ఈ రంగంలో వాడుకలో ఉంది. లాంగ్-ఈజీ ప్లైవుడ్ ఫైర్‌వాల్‌నీ స్టెయిన్‌లెస్ రేకునీ విడదీసేది ఇదే. ఆ విమానంలో ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి అక్కడ దీన్ని తీసేసే ఆలోచనే రాకూడదు. మూడు మిల్లీమీటర్ల కాగితం, 1260 సెల్సియస్ తరగతి, ఉష్ణవాహకత స్టెయిన్‌లెస్‌తో పోలిస్తే నూరో వంతు కన్నా తక్కువ. దానిపైన 0.05 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ ఫాయిల్. పనిముట్లకి హీట్ ట్రీట్‌మెంట్ చేసేటప్పుడు చుట్టే 321 రకం ఫాయిల్ దీనికి సరిగ్గా సరిపోతుంది. రెండూ కలిపి చదరపు మీటరుకి ఒక కిలో లోపే. అసలు ఫైర్‌వాల్ రేకే చదరపు మీటరుకి మూడు కిలోలు ఉంటుంది కాబట్టి ఈ బరువుకి వెనకాడక్కర్లేదు.

ఇంజన్ బిగించక ముందే ఈ పని చేయండి. అట్టతో నమూనా కోసుకుని, కాగితాన్ని కాస్త తడిపి పదునైన బ్లేడుతో కోయాలి. వక్రీభవన సిరామిక్ పోగుల్ని క్యాన్సర్ కారకాలు కావచ్చునన్న 2బి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సి పెట్టింది, అందుకని ధూళి లేవకుండా, పి100 మాస్కు పెట్టుకుని పని చేయాలి. ఊపిరితిత్తుల్లో ఎక్కువకాలం నిలవని పోగులు కావాలంటే మోర్గాన్ కంపెనీ సూపర్‌వూల్ తరహా కాగితం తీసుకోండి. ఈ పనికి అదీ చాలు. కాగితం కన్నా ఫాయిల్‌ని ప్రతి వైపూ పాతిక మిల్లీమీటర్లు పెద్దదిగా కోసి, అంచుని ఆరు మిల్లీమీటర్లు లోపలికి మడవండి. మడవని ఫాయిల్ అంచు వేళ్లని కోస్తుంది, ఆపైన చిరుగు అక్కడినుంచే మొదలవుతుంది. మడిచిన అంచు కింద ఫైర్‌వాల్ సీలెంట్ గీత పరిచి, స్టెయిన్‌లెస్ లేదా మోనెల్ రివెట్లతో, వెడల్పాటి వాషర్లు పెట్టి, 75-100 మిల్లీమీటర్లకొకటి బిగించాలి. మధ్యలో కూడా రెండు మూడు లేకపోతే ఫాయిల్ డప్పులా మోగుతూ అలిసి చిరుగుతుంది. ప్రతి రివెట్ తల కిందా సీలెంట్ చుక్క తప్పదు. ఇంజన్ మౌంట్ బోల్టుల కింద మాత్రం కాగితం పోనివ్వకండి. మెత్తటి వస్తువు మీద బిగించిన బోల్టు వదులవకుండా ఉండదు.

ఈ అమరికని నాశనం చేసేది ఒకటే, నూనె. సిరామిక్ కాగితం ఆయిల్‌నీ పెట్రోలునీ దీపం వత్తిలా పీలుస్తుంది. ఎక్కడో అంచు విచ్చుకుని తడిసిందంటే మంటని ఆపాల్సిన పొరే మంటకి ఇంధనం. ఫాయిల్ మీద బొటనవేలితో నొక్కితే అంచు దగ్గర నూనె చెమరిస్తే ఆ ముక్క మొత్తం తీసి కొత్తది వేయాల్సిందే, తుడిచి ఊరుకుంటే చాలదు. కాగితాన్ని పట్టి ఉంచే సేంద్రియ బంధకం మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు కాస్త పొగ ఇస్తుంది. ఇంజన్ వైపే ఉంది కాబట్టి దానివల్ల ఇబ్బంది లేదు. దీన్ని క్యాబిన్ వైపు వేయకపోవడానికి అదీ ఒక కారణమే.

సీలెంట్లు

3ఎం ఫైర్ బ్యారియర్ 2000+ కిట్ విమానాలవాళ్ల దగ్గర బాగా చలామణిలో ఉన్న సిలికోన్. భవనాల్లో గోడల్లోంచి పోయే పైపుల చుట్టూ మంట దాటకుండా వేయడానికి చేసింది. మంట తగిలితే గట్టి బొగ్గులా మారి అక్కడే నిలుస్తుంది. విమానాల కోసమే చేసిన పీఆర్-812 లాంటివి ఖరీదు, కలుపుకుని వాడాలి, నిల్వకాలం తక్కువ. పని మాత్రం నమ్మకమైనది.

ఎర్రటి ఆర్‌టివి సిలికోన్ గాస్కెట్లకి మంచిదే కానీ ఫైర్‌వాల్‌కి కాదు. దాని పరిమితి సుమారు 650 ఫారన్‌హీట్. మంటలో అది పొడిగా రాలిపోతుంది. ఇంధన ట్యాంకులకి వాడే పాలీసల్ఫైడ్ ప్రోసీల్ మిగిలిందని ఫైర్‌వాల్ రంధ్రాలకి పూసేవాళ్లు ఉన్నారు, అది ఇంకా అన్యాయం, అది కాలుతుంది. ఏ సీలెంట్ అయినా అర సెంటీమీటరు దాటిన రంధ్రాన్ని ఒంటరిగా మూయలేదు. వైర్ల కట్ట పోయే చోట స్టెయిన్‌లెస్ గొట్టం పెట్టి, దానికి ఫైర్ స్లీవ్ (మంటని తట్టుకునే తొడుగు) తొడిగి, రెండు వైపులా క్లాంపు బిగించి, సందులో సిరామిక్ పీచు కుక్కి, ఆపైన సీలెంట్ వేయాలి.

ఫైర్ స్లీవ్

ఇంజన్ గదిలో ఇంధనం, ఆయిల్ పోయే ప్రతి రబ్బరు గొట్టానికీ ఉండాల్సింది. ఏరోక్విప్, స్ట్రాటోఫ్లెక్స్ అమ్ముతాయి. గాజు పోగుల అల్లిక మీద నారింజ రంగు సిలికోన్ పూత. స్లీవ్ తొడిగిన మామూలు గొట్టానికి బదులు స్లీవ్ గొట్టంతోనే అచ్చుపోసి వచ్చే స్ట్రాటోఫ్లెక్స్ 124జె టెఫ్లాన్ గొట్టాలు కొంచెం ఖరీదైనా తల నొప్పి తక్కువ. మంటలో 5 నిమిషాలు నిలిచే దాన్ని ‘ఫైర్ రెసిస్టెంట్’ అనీ, 15 నిమిషాలు నిలిచే దాన్ని ‘ఫైర్‌ప్రూఫ్’ అనీ అంటారు. చీటీ మీద ఈ రెంటిలో ఏదుందో చూసి కొనండి.

స్లీవ్ లోపలి కొలత గొట్టం బయటి కొలతకి బిగుతుగా సరిపోవాలి, కొనలు ఫిట్టింగ్ సాకెట్‌ని దాటి పావు అంగుళమన్నా రావాలి. కోసిన కొనల్ని తప్పకుండా సిలికోన్‌లో ముంచి మూయాలి. మూయని కొన ఆయిల్ పీలుస్తుంది, కాగితం గురించి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది. ఇంటర్నెట్‌లో చవగ్గా దొరికే కర్మాగారాల స్లీవ్ చూడటానికి ఒకేలా ఉంటుంది. దాని మీద ఏఎస్1072 అన్న విమాన ప్రమాణం పేరు లేకపోతే తీసుకోవద్దు. ఇంకో సంగతి: స్లీవ్ వేడిని ఆలస్యం చేస్తుంది, రెండు వైపులా. ఇంజన్ ఆపాక లోపల వేడెక్కిన పెట్రోలు స్లీవ్ వల్లే ఆలస్యంగా చల్లారుతుంది. కారు పెట్రోలు వాడేవాళ్లకి, ముఖ్యంగా ఎండాకాలంలో చలికాలపు మిశ్రమం మిగిలిపోయి ఉంటే, వేపర్ లాక్ (పెట్రోలు గొట్టంలోనే ఆవిరై సరఫరా ఆగిపోవడం) ఇక్కడినుంచే మొదలవుతుంది. వాళ్లు పంపు మీదికి చల్లగాలి తెచ్చే చిన్న గొట్టం ఒకటి పెట్టుకోవాలి, బ్యాఫిల్ నుంచి తెచ్చే 16 మిల్లీమీటర్ల గొట్టం సరిపోతుంది.

ఆర్‌వి-10 సొరంగం

ఈ విమానంలో ముందు సీట్ల మధ్య సొరంగం కాలు ఆనించలేనంత వేడెక్కుతుందన్నది పాత ఫిర్యాదే. చాలామంది వెంటనే సొరంగం గోడలకి లోపలినుంచి మ్యాట్ అంటిస్తారు. అది తప్పు చోటు. ఇంధన ఫిల్టరూ ఎలక్ట్రిక్ పంపూ ఉండేది ఆ సొరంగంలోనే. గోడలకి వేస్తే కాళ్లకి చల్లగా ఉంటుంది, వేడంతా పంపుతో పాటు లోపలే బందీ అవుతుంది.

ముందు వేడి ఎటునుంచి వస్తోందో తేల్చండి. ఫైర్‌వాల్ మీది హీటర్ డబ్బాకి వచ్చే నారింజ గొట్టాన్ని హీట్ మఫ్ (ఎగ్జాస్ట్ పైపు చుట్టూ ఉండి గాలిని వేడి చేసే డబ్బా) దగ్గర ఊడదీసి, మూత పెట్టి, ఒకసారి ఎగరండి. సొరంగం చల్లబడితే దోషం డబ్బా తలుపుది. అది మూసినా సందులోంచి వేడిగాలి వదులుతోంది, దానికి ఇన్సులేషన్ అక్కర్లేదు, తలుపు అంచు సరిచేస్తే చాలు. తేడా లేకపోతే వేడి ఫైర్‌వాల్ కింది భాగం నుంచీ, ఎగ్జాస్ట్ పైపులు కింద వెళ్లే నేల రేకు నుంచీ వస్తోంది. అప్పుడు ఫైర్‌వాల్ కింది మూడో వంతుకి ఇంజన్ వైపున సిరామిక్ కాగితం, ఫాయిల్. పైపుల చివరి భాగానికి నేల వైపున క్లాంపు షీల్డ్. ఈ రెండూ చేశాక కూడా తగ్గకపోతేనే సొరంగం నేలకి, గోడలకి కాదు, లోపలినుంచి మ్యాట్ వేయండి.

భారత్‌లో కొనేవాళ్ల కోసం

సిరామిక్ కాగితం మన దగ్గర కొత్త వస్తువు కాదు, కొలిమిల పరిశ్రమకి సరఫరా అవుతుంది. తమిళనాడు రాణిపేటలో మురుగప్ప మోర్గాన్ సిరామిక్ ఫైబర్ తయారుచేస్తుంది. మీటర్ల లెక్కన తీసుకోండి, కొనేటప్పుడు 1260 తరగతి అన్న మాట బిల్లు మీద రాయించుకోండి. 304 రేకు, 321 ఫాయిల్ కూడా దొరుకుతాయి. ఫైర్ స్లీవ్, ఫైర్‌వాల్ సీలెంట్ మాత్రం విమాన సరఫరాదారుల దగ్గరే తెప్పించుకోవాలి, సీలెంట్ అయితే ట్యూబు మీది గడువు తేదీ చూసి, కొరియర్ ప్రయాణంలో పోయే వారాలు కూడా లెక్కలో పెట్టుకుని.